కూపన్‌పై తుప్పు లేదు, పైపు అడుగున గుంటలు ఉన్నాయి: దేన్ని నమ్మాలి?

లంకతోట

అందరికీ నమస్కారం. గోదావరి డెల్టాలోని బావుల నుంచి గ్యాసును సేకరించి తీసుకువెళ్లే ఒక పైపులైనుకు నేను రెండేళ్లుగా నిర్వహణ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. పైపు 12 అంగుళాలది, పొడవు 31 కిలోమీటర్లు, గోడ మందం 7.1 మిల్లీమీటర్లు. వాడకంలోకి వచ్చి 9 ఏళ్లయింది. గ్యాసు పీడనం 45 బార్. అందులో కార్బన్ డయాక్సైడ్ 2.2 శాతం ఉంది, హైడ్రోజన్ సల్ఫైడ్ చాలా తక్కువ.

లోపలి తుప్పును కనిపెట్టడానికి గ్యాసును పంపే స్టేషన్‌లోనే కూపన్లు (తుప్పు ఎంత పడుతోందో చూడటానికి గ్యాసులో ఉంచే చిన్న ఉక్కు ముక్కలు) అమర్చి, ప్రతి 3 నెలలకూ బయటకు తీసి తూకం వేస్తున్నాము. ఇన్నేళ్లలో ఏడాదికి 0.01 మిల్లీమీటరు దాటిన సందర్భం ఒక్కటీ లేదు. అయితే గత నెలలో ఈ లైనులోకి మొదటిసారిగా ఇంటెలిజెంట్ పిగ్‌ను (పైపు లోపల ప్రయాణిస్తూ గోడలోని లోపాలను కొలిచే పరికరం) పంపితే, 11వ కిలోమీటరు దగ్గర పైపు ఒక కాలువ కిందకు దిగి మళ్లీ పైకి లేచే చోట, అడుగు భాగంలో గడియారపు ముల్లు 5 నుంచి 7 వరకు తిరిగేంత మేర గుంటల వరుస ఉన్నట్టు నివేదిక వచ్చింది. వాటిలో లోతైనది గోడ మందంలో 38 శాతం, పొడవు 110 మిల్లీమీటర్లు.

మా కార్యాలయంలో ఎక్కువమంది లెక్క ఇలా ఉంది: 38 శాతం అంటే 2.7 మిల్లీమీటర్లు, 9 ఏళ్లతో భాగిస్తే ఏడాదికి 0.3, కాబట్టి పైపును ఇక వాడకూడని హద్దు అయిన 80 శాతానికి చేరడానికి ఇంకా పదేళ్లు పడుతుంది, తవ్వకాన్ని వచ్చే ఏడాది బడ్జెట్‌లో పెట్టుకోవచ్చు. కూపన్లు కూడా అంతా బాగానే ఉందని చెబుతున్నాయి గనుక తొందర అవసరం లేదని వారి వాదన. ఆ లెక్కలో ఎక్కడో పొరపాటు ఉందని నాకు అనిపిస్తోంది కానీ, అది ఏమిటో కాగితం మీద చూపలేకపోతున్నాను. అనుభవజ్ఞులు సాయం చేయగలరని ఆశిస్తున్నాను.

అడుగునీరు

లంకతోట గారూ, మీ సందేహం సరైనదే. సమాధానం చెప్పే ముందు నేను మీనుంచి రెండు సంగతులు తెలుసుకోవాలి. ఈ 9 ఏళ్లలో మీ గ్లైకాల్ యూనిట్ (గ్యాసులోని తడిని తీసేసేది) ఎప్పుడైనా ఆగిందా? ఆగితే, ఆ రోజుల్లో తడి గ్యాసునే లైనులోకి పంపారా?

ఈలోగా కూపన్ సంగతి చెబుతాను. మీ కూపన్ తప్పు చెప్పలేదు, తాను ఉన్న చోట ఏం జరుగుతోందో అదే చెప్పింది. సెపరేటర్ (గ్యాసు నుంచి ద్రవాలను వేరుచేసే పాత్ర) నుంచి బయటకు వచ్చిన గ్యాసు స్టేషన్‌లో ఇంకా వెచ్చగానే ఉంటుంది, అందులోని నీరు ఆవిరి రూపంలోనే ఉంటుంది. మట్టిలో కొన్ని కిలోమీటర్లు ప్రయాణించి చల్లబడిన తర్వాతే ఆ ఆవిరి నీరుగా మారుతుంది. 45 బార్ పీడనంలో 40 డిగ్రీల దగ్గర నీటితో పూర్తిగా తడిసిన గ్యాసు 30 డిగ్రీలకు చల్లబడితే, ప్రతి లక్ష ఘనపు మీటర్ల గ్యాసుకు సుమారు 50 లీటర్ల నీరు గోడలకు పట్టి అడుగుకు జారుతుంది. మీ లైనులో రోజుకు 5 లక్షల ఘనపు మీటర్లు పోతున్నాయనుకుంటే అది రోజుకు 250 లీటర్లు. ఆ నీరు పుట్టక ముందే, పైగా పైపు మధ్యలో గ్యాసు ప్రవాహానికి ఎదురుగా నిలబెట్టిన కూపన్, 11వ కిలోమీటరు అడుగున ఏం జరుగుతోందో ఎలా చెప్పగలదు?

కూపన్ పెట్టదలిస్తే నీరు చేరే చోట, పైపు అడుగు గోడతో సమానంగా ఉండేలా పెట్టాలి. అలాంటి చోట బిగింపు స్థానం దొరకడం కష్టమని నాకు తెలుసు. అయినా సులభంగా చేయి పెట్టగల చోట అమర్చి, ఆ అంకెను లైను మొత్తానికి వర్తింపజేయడం మన రంగంలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటని నేను గట్టిగా నమ్ముతున్నాను.

లంకతోట

అడుగునీరు గారూ, ధన్యవాదాలు. పాత లాగ్ పుస్తకాలు తెప్పించి చూశాను. నేను ఈ ఉద్యోగంలో చేరకముందు, అంటే మూడేళ్ల క్రితం, గ్లైకాల్ రీబాయిలర్ చెడిపోయి 14 నెలల పాటు గ్యాసును ఆరబెట్టకుండానే పంపారు. ఆ కాలంలో ఇన్హిబిటర్ (తుప్పును అడ్డుకునే మందు) వేసిన నమోదు కూడా నాకు కనిపించలేదు. ఈ విషయం ఇప్పటివరకు తుప్పు నివేదికల్లో ఎక్కడా రాలేదు.

అడుగునీరు

అయితే మీరు వెతుకుతున్న పొరపాటు దొరికింది.

కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి కార్బానిక్ ఆమ్లంగా మారి ఉక్కును తింటుంది. ఆ వేగాన్ని అంచనా వేయడానికి డి వార్డ్, మిలియమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1975లో ఒక సూత్రం ప్రచురించారు. తర్వాత దానిని పలుమార్లు సవరించారు. 1991 నాటి రూపంలో అది ఇలా ఉంటుంది: తుప్పు వేగపు లాగరిథం విలువ, 5.8 లోంచి 1710 భాగించు కెల్విన్ ఉష్ణోగ్రత తీసివేసి, కార్బన్ డయాక్సైడ్ పాక్షిక పీడనపు లాగరిథానికి 0.67 రెట్లు కలిపితే వచ్చేదానికి సమానం. మీ లైనులో 45 బార్‌లో 2.2 శాతం అంటే పాక్షిక పీడనం దాదాపు 1 బార్, దాని లాగరిథం సున్న. కాబట్టి లెక్క తేలిక. 40 డిగ్రీల దగ్గర ఏడాదికి సుమారు 2.2 మిల్లీమీటర్లు, 30 డిగ్రీల దగ్గర సుమారు 1.4 మిల్లీమీటర్లు వస్తుంది.

ఇప్పుడు ఆ 14 నెలలతో గుణించి చూడండి. 1.7 నుంచి 2.6 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. పిగ్ చూపించిన లోతు 2.7. అంటే ఆ గుంటలో చాలా భాగం 9 ఏళ్లలో మెల్లగా ఏర్పడలేదు, ఆ 14 నెలల్లోనే తవ్వుకుపోయి ఉండవచ్చు. ఏడాదికి 0.3 అన్న సగటు, ఏనాడూ జరగని వేగం. తడి గ్యాసు మళ్లీ వస్తే మీకు మిగిలిన గోడకు పదేళ్ల గడువు ఉండదు. 2.2 వేగంతో 80 శాతానికి చేరడానికి దాదాపు 16 నెలలు చాలు.

చోటు విషయానికి వస్తే, పిగ్ రాకముందే 11వ కిలోమీటరును ఊహించగలిగేవారు. 2000 ఆగస్టు 19న అమెరికాలోని న్యూ మెక్సికోలో, కార్ల్స్‌బాడ్ సమీపాన పెకోస్ నది దగ్గర, 30 అంగుళాల గ్యాసు పైపు పగిలి, అక్కడికి దగ్గరలో క్యాంపు వేసుకున్న ఒకే పెద్ద కుటుంబంలోని 12 మంది చనిపోయారు. దర్యాప్తులో అది లోపలి తుప్పు అని తేలింది. గోడ మందంలో 72 శాతం వరకు పోయింది. అది ఆరిన గ్యాసు పంపే లైనే, పగిలిన భాగంలో పిగ్ నడిపే వీలు లేదు. ఆ ఘటన తర్వాత 2002లో అక్కడ కొత్త పైపులైను భద్రతా చట్టం వచ్చింది. పిగ్ పంపలేని లైన్లలో నీరు ఎక్కడ చేరుతుందో లెక్కించి అక్కడే తవ్వి చూసే పద్ధతి ఆ తర్వాతే ప్రమాణ రూపం దాల్చింది.

ఆ పద్ధతి సారాంశం మన రైతులకు తెలిసినదే. నీరు పల్లానికి చేరుతుంది, అయితే పైపులో దానిని పైకి తోసే గ్యాసు కూడా ఉంటుంది. గ్యాసు వేగం ఎక్కువగా ఉంటే చిన్న ఎత్తుల మీదుగా నీటిని ఈడ్చుకుపోతుంది. ఒక స్థాయికి మించి ఏటవాలుగా ఉన్న ఎత్తు వచ్చినప్పుడు నీరు పైకి ఎక్కలేక, ఆ ఎత్తు మొదట్లో ఆగిపోతుంది. ఆ హద్దు కోణాన్ని గ్యాసు వేగం, పీడనం, పైపు వ్యాసం కలిసి నిర్ణయిస్తాయి. లైను భూమట్టపు కొలతల్లో ఆ కోణాన్ని దాటిన మొదటి ఎత్తు ఏదో చూసి, అక్కడ తవ్వాలి. డెల్టాలో నేల సమతలంగా కనిపిస్తుంది కానీ, ప్రతి కాలువ దాటింపు దగ్గరా పైపు కిందకు దిగి లేస్తుంది. మీ కాలువలన్నిటి జాబితా ఒకసారి చూడండి. గ్యాసు సరఫరా తగ్గించిన నెలల్లో వేగం కూడా తగ్గి ఉంటుంది కనుక, ఆ నెలలను ప్రత్యేకంగా లెక్కించండి.

బలాబలం

అడుగునీరు గారి వాదనలో ఎక్కువ భాగంతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయదలచుకున్నాను. డి వార్డ్ సూత్రం ఇచ్చేది దాదాపు పై హద్దు. నిజమైన లైన్లలో తుప్పు వల్లే గోడ మీద ఏర్పడే ఐరన్ కార్బొనేట్ పొర, గ్యాసుతో వచ్చే కండెన్సేట్ అనే తేలిక నూనె తడి, నీటిలోని బైకార్బొనేట్ వంటివి ఆ వేగాన్ని బాగా తగ్గిస్తాయి. ఆ అంకెను యథాతథంగా పట్టుకుంటే దేశంలోని సగం సేకరణ లైన్లను తవ్వి పారేయాలి. నార్వే వారి నార్సాక్ ఎం-506 నమూనాలో ఆమ్లత్వం, ప్రవాహపు రాపిడి కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి దానితో కూడా చూడండి. ఏ నమూనా అయినా చోట్లను ప్రమాద క్రమంలో పెట్టడానికి పనికొస్తుంది, పగిలే తేదీని చెప్పదు.

ఇక పైపు బలం సంగతి. గుంట లోతు ఒక్కటే చూస్తే చాలదు, పొడవు అంతకన్నా ముఖ్యం కావచ్చు. తుప్పు పట్టిన పైపు ఎంత పీడనాన్ని తట్టుకుంటుందో లెక్కించే ఏఎస్‌ఎంఈ బి31జి పద్ధతిలో మీ పైపుకే లెక్కవేశాను. 50 శాతం లోతు, 30 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గుంట అయితే డిజైన్ పీడనాన్ని తగ్గించనక్కరలేదు. అదే లోతు 100 మిల్లీమీటర్ల పొడవున ఉంటే సుమారు 13 శాతం తగ్గించాలి. మీ 38 శాతం, 110 మిల్లీమీటర్ల గుంటకు 7 నుంచి 8 శాతం తగ్గింపు వస్తుంది. అయితే అయస్కాంత పద్ధతి పిగ్ లోతును సాధారణంగా గోడ మందంలో 10 శాతం అటూ ఇటూ, అదీ 80 శాతం నమ్మకంతో మాత్రమే చెబుతుంది. మీ 38 నిజానికి 48 కావచ్చు. పక్కపక్కనే ఉన్న గుంటలు ఒకదానితో ఒకటి కలిసి ఒకే పొడవైన గుంటలా ప్రవర్తించవచ్చు. అందుకే తవ్వి, బయట నుంచి అల్ట్రాసోనిక్ పరికరంతో గళ్లు గీసి కొలిచే వరకు, ఆ లైనులో ఇటీవలి గరిష్ఠ పీడనంలో 80 శాతానికి దించి నడపడం మంచిది.

మరమ్మతు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. బయట నుంచి ఫైబర్ చుట్టు చుట్టి ఇది తీరిపోయిందని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. చుట్టు బయటి తుప్పుకు పనిచేస్తుంది. లోపలి తుప్పు చుట్టు కింద కూడా అలాగే పెరుగుతుంది. పెరుగుదల ఆగిందని నిరూపించలేకపోతే ఆ ముక్కను కోసి కొత్తది వేయడమో, రెండు చివరలూ పైపుకు వెల్డు చేసే పీడన స్లీవ్ (ఉక్కు తొడుగు) వేయడమో చేయాలి.

నిక్షేపం

నేను ప్రయోగశాల వైపు నుంచి రాస్తున్నాను. పదహారేళ్లుగా పిగ్ రిసీవర్ల (లైను చివర పిగ్‌ను బయటకు తీసే చోటు) నుంచి వచ్చే నీళ్లూ బురదా పరీక్షిస్తున్నాను. పై ఇద్దరూ కార్బన్ డయాక్సైడ్ గురించే మాట్లాడారు. గ్లైకాల్ యూనిట్ మళ్లీ నడిచాక గుంటల పెరుగుదల ఆగిపోయిందని అనుకోవడానికి వీల్లేదు. అడుగున బురద పేరుకుంటే అది తడిని నెలల తరబడి పట్టి ఉంచుతుంది. ఆ బురద కింద గాలి తగలని చోట సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చే బ్యాక్టీరియా, ఆమ్లాలను పుట్టించే బ్యాక్టీరియా బతుకుతాయి. మీ గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడ్ లేకపోయినా గుంట లోపల అది పుట్టగలదు.

కాబట్టి తదుపరి క్లీనింగ్ పిగ్ వచ్చినప్పుడు దయచేసి నేను చెప్పినట్లు నమూనాలు తీసుకోండి. నీటి ఆమ్లత్వాన్ని రిసీవర్ పక్కనే, సీసా నిండిన రెండు మూడు నిమిషాల్లోనే కొలవండి. పీడనం పోగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా లేచిపోతుంది. అక్కడ 5 ఉన్న విలువ, సీసా కారులో ప్రయాణించి ప్రయోగశాలకు చేరేసరికి 6.5 అవుతుంది. అలాంటి కాగితాలు చూసి నీరు నిరపాయమని సంతకాలు పెట్టిన నివేదికలు నేను చాలా చూశాను. నీటిలో ఇనుముతో పాటు మాంగనీసును కూడా కొలిపించండి. పైపు ఉక్కులో మాంగనీసు 1 శాతం పైచిలుకు ఉంటుంది. నీటిలోనూ రెండూ దాదాపు ఆ నిష్పత్తిలోనే ఉంటే, ఆ ఇనుము బావి నీటితో వచ్చింది కాదు, మీ పైపు గోడదే అని అనుమానించవచ్చు.

బ్యాక్టీరియాకు సీసాల వరుస పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. 1 మిల్లీలీటరు నమూనాను 9 మిల్లీలీటర్ల పోషక ద్రవంలో కలిపి, అందులో నుంచి 1 తీసి మరో సీసాలో వేస్తూ, అలా ఐదారు సీసాల వరకు పలుచన చేసుకుంటూ పోవాలి. సల్ఫేట్ బ్యాక్టీరియా ఉంటే సీసా నల్లబడుతుంది. ఎన్నో సీసా వరకు నల్లబడిందో దానినిబట్టి సంఖ్య అంచనా వేస్తాము. ఫలితానికి 28 రోజుల వరకు ఆగాలి. వారం రోజులకే చూసి ఏమీ లేవని పారబోయకండి. పిగ్ తెచ్చిన బురద నుంచి కూడా ఈ పరీక్ష చేయాలి. గోడకు అంటుకుని బతికేవి నీటిలో కన్నా బురదలోనే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి.

మరొకటి, ప్రాణాలకు సంబంధించినది. రిసీవర్ తలుపు తెరిచినప్పుడు నల్లటి పొడి బయటపడితే దానిని ఆరనివ్వకండి. అందులో ఐరన్ సల్ఫైడ్ ఉంటే గాలి తగిలిన కొద్దిసేపటికే తనంత తాను రాజుకుంటుంది. నేను చూసిన ఒక స్టేషన్‌లో, ట్రేలో పోసిన పొడి మీద ముందు సన్నని పొగ లేచింది, ఆ తర్వాత అంచుల వెంట చీకట్లో బీడీ నిప్పులా ఎర్రటి గీత పాకింది. పక్కన కండెన్సేట్ తడి ఉన్న గుడ్డ ఉంది. నీటి గొట్టం చేతిలో ఉన్న మనిషి అక్కడే ఉన్నాడు కాబట్టి ఏమీ కాలేదు. తలుపు తెరిచే ముందే నీళ్లు చల్లడం, పొడిని తడి సంచిలో కట్టడం ప్రతిసారీ చేయాలి.

వైనతేయ తీరం

నేను ఇంజనీరును కాను, కోనసీమలో ఉపాధ్యాయురాలిని. మీ చర్చను మొదటి నుంచీ శ్రద్ధగా చదువుతున్నాను. 2014 జూన్ 27న తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ వారి 18 అంగుళాల గ్యాసు పైపు లీకై, గ్యాసు ఊరిమీద పొగమంచులా పరుచుకుని అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయి నల్లటి స్తంభాల్లా నిలబడ్డాయి. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రం వైపు వెళ్లే ఆ లైనును ఆరిన గ్యాసు కోసం వేశారనీ, తడి గ్యాసు పంపడంతో లోపల తుప్పు పట్టిందనీ దర్యాప్తు తర్వాత పత్రికల్లో చదివాము.

మీరు 38 శాతం, 48 శాతం అంటుంటే నాకు ఆ చెట్లే కళ్ల ముందు మెదులుతున్నాయి. మా పెరటి వెనుక కూడా పసుపు రంగు గుర్తు రాయి ఉంది. మా వంటి వారికి లోపల ఏం జరుగుతోందో తెలిసే మార్గం ఏదైనా ఉందా? లంకతోట గారి వంటి వారు తవ్వాలని అడిగితే వచ్చే ఏడాది అని ఎందుకు అంటారు?

అడుగునీరు

అమ్మా, మీ ప్రశ్న ఇక్కడ మేము మాట్లాడుతున్న విషయానికి నడిబొడ్డులో ఉంది. ఇళ్ల వంటకు ఇచ్చే గ్యాసులో వాసన కోసం మెర్కాప్టాన్ కలుపుతారు, దూరప్రాంతాలకు తీసుకువెళ్లే పెద్ద లైన్లలో సాధారణంగా కలపరు. కాబట్టి వాసన వస్తేనే లీకు అని అనుకోకూడదు. కాలువ నీటిలోనో పొలం మడిలోనో ఒకే చోట ఆగకుండా బుడగలు రావడం, లైను వెంట ఒక ముక్క మేర పచ్చదనం కారణం లేకుండా ఎండిపోవడం, బుసకొట్టే చప్పుడు, నేల మీద తెల్లటి మంచు వంటి పొర, వీటిలో ఏది కనిపించినా గాలి వచ్చే వైపుకు నడిచి వెళ్లిపోవాలి. పొయ్యి వెలిగించకూడదు, లైటు స్విచ్ వేయకూడదు, బండి స్టార్ట్ చేయకూడదు. దూరం వెళ్లాకే ఫోను తీసి గుర్తు రాయి మీద ఉన్న అత్యవసర నంబరుకు చెప్పాలి. ఆ నంబరు చెరిగిపోయి ఉంటే ఇప్పుడే సంస్థకూ, పంచాయతీకీ రాతపూర్వకంగా తెలియజేయండి.

లోపలి స్థితి తెలిసే మార్గం గురించి: సహజ వాయు పైపులైన్ల సమగ్రత నిర్వహణకు మన దేశంలో పెట్రోలియం, సహజ వాయు నియంత్రణ మండలి 2012లో నిబంధనలు తెచ్చింది. ఇంటెలిజెంట్ పిగ్ చివరిసారి ఎప్పుడు నడిపారు, గ్యాసులో నీటి శాతం రోజూ కొలుస్తున్నారా అన్న రెండు ప్రశ్నలను గ్రామసభలో సంస్థ ప్రతినిధులను సూటిగా అడగండి. అడగడానికి సాంకేతిక చదువు అక్కరలేదు.

ఎడారిగాలి

నేను విజయనగరం జిల్లా వాడిని, పన్నెండేళ్లుగా గల్ఫ్‌లో తడి గ్యాసు లైన్ల మీద పనిచేస్తున్నాను. ఇక్కడ చాలా లైన్లలో గ్యాసును ఆరబెట్టకుండానే, ఇన్హిబిటర్ మీద ఆధారపడి నడుపుతారు. లంకతోట గారి సంస్థలో ఎవరైనా గ్లైకాల్ యూనిట్ చెడితే ఇన్హిబిటర్ వేస్తే సరిపోతుందని అంటే, ముందు ఈ చిన్న లెక్క చూపించండి.

ఇన్హిబిటర్ లేకుండా తుప్పు వేగం 2.2 అనుకుందాం. మంచి ఇమిడజొలిన్ రకం ఇన్హిబిటర్ 95 శాతం అడ్డుకుంటే మిగిలేది 0.11. ఇరవై ఏళ్లకు 2.2 మిల్లీమీటర్లు, భరించగలం. కానీ పంపు ఏడాదిలో 5 శాతం కాలం, అంటే 18 రోజులు ఆగిందనుకోండి. ఆ 18 రోజుల్లో పూర్తి వేగంతో తింటుంది. ఏడాది సగటు 0.21కి చేరుతుంది, ఇరవై ఏళ్లకు 4 మిల్లీమీటర్లు దాటుతుంది. ఏడాదిలో 18 రోజులే కదా అనుకున్నది పైపు ఆయుష్షును సగం చేసేస్తుంది. అందుకే మేము మందు నాణ్యత పత్రం కన్నా పంపు నడిచిన గంటల నమోదునే ముందు చూస్తాము. ట్యాంకు మట్టం రోజూ కొలిచి, వాడకం లెక్కతో సరిచూస్తాము. పంపు తిరుగుతూ ఉండి, వాల్వు మూసుకుపోయి, మందు వెళ్లకపోవడం కూడా జరుగుతుంది.

ఇంకొక సంగతి. అడుగు గురించే అందరూ రాశారు. వెచ్చటి తడి గ్యాసు చల్లటి నేలలోకో సముద్రంలోకో వెళితే నీటి ఆవిరి పైపు నడినెత్తిన, 12 గంటల స్థానంలో చెమటలా పడుతుంది. ఆ చుక్కలు బావి లవణాలు లేని శుద్ధ ఆమ్లజలం. అడుగున పారే ఇన్హిబిటర్ అక్కడికి చేరదు. రెండు పిగ్‌ల మధ్య మందు నింపి గోడంతా తడిసేలా నెట్టాలి, లేదా మొదట్లోనే గ్యాసు ఉష్ణోగ్రతను తగ్గించాలి. లంకతోట గారూ, మీ పిగ్ నివేదికలో మొదటి 2, 3 కిలోమీటర్లలో 11 నుంచి 1 గంట మధ్య చిన్న లోతులేమైనా ఉన్నాయేమో చూడండి. 10 శాతం లోపు అని పక్కన పెట్టి ఉంటారు.

బలాబలం

ఎడారిగాలి గారి లెక్క చాలా ఉపయోగకరం. ఆ దృష్టితో చూస్తే నా మొదటి వ్యాఖ్యను కొంత సవరించుకోవాలి. నమూనా పై హద్దు చెబుతుందన్నాను, అది నిజమే. కానీ లంకతోట గారి లైనులో పిగ్ కొలత ఆ పై హద్దు దగ్గరకే వచ్చింది. రక్షించే పొర అక్కడ నిలవలేదన్నమాట. సాధారణంగా 60 డిగ్రీలకు పైన గట్టిపడే ఐరన్ కార్బొనేట్ పొర, 30, 40 డిగ్రీల దగ్గర వదులుగా ఉండి అంత రక్షణ ఇవ్వదు. కొలత, నమూనా ఒకే వైపు చూపుతున్నప్పుడు జాప్యానికి కారణం లేదు.

లంకతోట

మూడు వారాల తర్వాత రాస్తున్నందుకు మన్నించాలి. మీ అందరి లెక్కలను ఒక పేజీగా రాసి, 14 నెలల లాగ్ నకలుతో కలిపి మా పై అధికారులకు ఇచ్చాను. పీడనం తగ్గింపుకు ఆ రోజే ఒప్పుకున్నారు. తవ్వకానికి పది రోజులు పట్టింది.

కాలువ గట్టుకు అవతలి వైపు ఎత్తు మొదట్లో తవ్వాము. నీరు ఊరుతూ ఉండటంతో రెండు మోటార్లు పెట్టి తోడుతూ పని చేయాల్సి వచ్చింది. పై పూత చెక్కుచెదరలేదు, పైపు బయట నుంచి చూస్తే నిన్న వేసినట్లుంది. పూత తీసి 10 మిల్లీమీటర్ల గళ్లు గీసి అల్ట్రాసోనిక్ ప్రోబ్ పెట్టుకుంటూ పోతుంటే, అంకెలు 7.1, 7.0, 7.1 అంటూ వచ్చి, 6 గంటల గీత దగ్గర ఒక్కసారిగా 4.4కు, ఆ పక్క గడిలో 3.9కి పడిపోయాయి. ప్రోబ్ పట్టుకున్న టెక్నీషియన్ జెల్ మళ్లీ రాసి మూడుసార్లు చూశాడు. లోతు 45 శాతం. పైగా పిగ్ విడివిడిగా చూపిన రెండు గుంటలు కలిసి 160 మిల్లీమీటర్ల పొడవున ఒకటే అయ్యాయి. ఆ భాగాన్ని కోసి కొత్త పైపు వేయాలని నిర్ణయమైంది. ఇతర కాలువల్లో మరో మూడింటిని కోణం లెక్క ప్రకారం తవ్వకానికి ఎంపిక చేశాము.

ఎడారిగాలి గారు చెప్పినట్లు మొదటి 2 కిలోమీటర్లలో పై భాగాన 7, 8 శాతం లోతులు 14 చోట్ల ఉన్నాయి. వాటిని విడిగా జాబితా చేశాను. గ్యాసులో నీటి శాతాన్ని కొలిచే మీటరు హద్దు దాటితే కంట్రోల్ రూములో అలారం మోగడమే కాకుండా, ఎంత సేపు దాటిందో నమోదై తుప్పు విభాగానికి నేరుగా వచ్చేలా ఏర్పాటు చేస్తున్నారు. కోత రేపు ఉదయం.

నిక్షేపం

లంకతోట గారూ, చాలా సంతోషం. కోసిన ముక్క గురించి ఒక అభ్యర్థన. వెల్డర్లు దానిని గ్యాస్ కట్టర్‌తో కోస్తామంటే గుంట నుంచి కనీసం అర మీటరు దూరంగా కోయమనండి, వీలైతే చల్లటి కోత యంత్రమే వాడమనండి. వేడికి నిక్షేపాలు మాడిపోయి ఏమీ తెలియదు. బయటికి తీయగానే ఎవరూ లోపల నీళ్లు కొట్టి కడగకుండా చూడండి, ఆ పని చేయడం అందరికీ అలవాటు. గుంట అడుగు నుంచి శుభ్రమైన గరిటెతో కొద్దిగా బురద తీసి, సగం బ్యాక్టీరియా సీసాల్లో అక్కడికక్కడే వేయండి, మిగతా సగం గాలి చొరకుండా మూసి మంచు పెట్టెలో పెట్టండి. తర్వాత ముక్క రెండు చివరలకూ ప్లాస్టిక్ చుట్టి, ప్రవాహం ఎటు నుంచి ఎటో, పై భాగం ఏదో పెయింటుతో బాణం గుర్తు వేయండి.

లంకతోట

ఈ రోజు ఉదయం 9 గంటలకు చల్లటి కోత యంత్రంతోనే కోశాము. గుంటల్లో వేలి గోరంత మందాన నల్లటి మెత్తటి బురద ఉంది, గీకితే కింద మెరిసే ఉక్కు కనిపించింది. ఆమ్లం చుక్క వేస్తే కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది, వెంటనే అందరినీ వెనక్కి పంపాను. ఆరు సీసాల వరుసలు రెండు వేశాము. ముక్క మీద బాణం వేసి, రెండు చివరలూ మూసి, నీడలో ఉంచాము. సీసాలను 28 రోజుల వరకు ఎవరూ కదపకుండా అల్మారాకు తాళం వేసి, తాళం చెవి నా దగ్గరే పెట్టుకున్నాను.